చేను గట్టుకు అవతలి లెక్కలు

(రాయగడ జిల్లా గుణుపురంలో తెలుగువారి వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ, పర్లాఖిముండి, రాయగడ, పద్మపురం, బిసం కటక్ వైపు నుంచి ఈ చలిలో ప్రయాణం చేసి వచ్చిన బంధుమిత్రులకూ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం సుస్థిర వ్యవసాయం. ఈ మాట చెవిన పడగానే పేడతో ఘనజీవామృతం అనే ఎరువు ఎలా చేయాలో, వేపకషాయం ఎన్ని రోజులు నానబెట్టాలో చెబుతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. ఆ పని చేతులతో చేసి చూసినవారు నాకంటే బాగా చెప్పగలరు. నేను సహకార సంఘంలో పంట రుణాల కాగితాలు చూస్తూ ముప్పై ఏళ్ళు గడిపినవాడిని. ఆ కాగితాల వల్ల నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒక్కటే ఉంది, ఈ పూట దాని గురించే మాట్లాడతాను. రైతు తన చేలో ఏ విత్తనం చల్లుతాడో, ఏ మందు కొడతాడో అన్నది ఆ చేలో తేలే విషయం కాదు. ఆ నేల పట్టా ఎవరి పేరున ఉంది, జ్యేష్ఠమాసంలో అతనికి అప్పు ఎవరిచ్చారు, పుష్యమాసంలో కాటా ఎవరి గుమ్మం ముందు ఉంది, రేషన్ డిపోలో ఏ గింజ పోస్తున్నారు అనే నాలుగు చోట్ల అది ముందే తేలిపోయి ఉంటుంది. ఈ నాలుగూ మార్చకుండా రైతును మారమని చెప్పడం న్యాయం కాదని నా నమ్మకం.

మా ఇంట్లో మూడు తరాల దుకాణం ఆవర్జాలు, అంటే లెక్కల పుస్తకాలు, ఉన్నాయి. నాన్నగారు పోయిన తర్వాత అటక మీద నుంచి దింపి, ఒక వేసవంతా కూర్చుని చదివాను. మా తాతగారి పుస్తకాల్లో జమ వైపు చోళ్ళు (రాగులు), సామలు, కొర్రలు, వలిసెలు అనే నూనెగింజలు, కందులు, చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు వరసగా కనిపిస్తాయి. ఖర్చు వైపు ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, ముతక గుడ్డ ఉంటాయి. నాన్నగారి పుస్తకాల్లో, తొంభైల నడుమ నుంచి, జమ వైపు సరుకుల పేర్లు ఏటేటా తగ్గిపోతూ వచ్చి చివరికి పత్తి అనే ఒక్క మాట మిగిలింది. ఖర్చు వైపు పత్తి విత్తనం, డీఏపీ, యూరియా, పురుగుమందు చేరాయి. చివరి పదేళ్ళ పుస్తకాల్లో ఆ నాలుగింటికి కలుపు మందు తోడైంది. కొండ మీద పండే పదిహేను రకాల పంట ఒక కుటుంబం లెక్కల పుస్తకంలో ఒక్క గడిలోకి కుదించుకుపోవడాన్ని నేను ఆ వేసవిలో నా వేలితో తడిమి చూశాను. ఆ అక్షరాలు నాన్నగారివి. ఆ లెక్కతోనే మేము చదువుకున్నాం, మా చెల్లెలి పెళ్ళి జరిగింది. అందుకే ఈ విషయాన్ని బయటివాడిలా మాట్లాడే హక్కు నాకు లేదు.

తాతగారి కాలం బంగారు కాలమని మాత్రం నేను చెప్పడం లేదు. ఆ పుస్తకంలో వడ్డీ గడి కూడా ఉంది. ఈ ఏజెన్సీలో షావుకార్ల వడ్డీ ఎంత ఘోరంగా ఉండేదంటే, మనమంతా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే, 1917లో, వడ్డీ నూటికి 24 మించరాదనీ, కొండవారి భూమి ప్రభుత్వ అనుమతి లేకుండా ఇతరులకు పోరాదనీ చట్టం చేయవలసి వచ్చింది. అప్పు తీర్చలేనివాడు షావుకారు ఇంట గొత్తి పాలేరుగా ఏళ్ళ తరబడి పడి ఉండే ఆచారాన్ని 1948లో ఒడిశా ప్రభుత్వం రద్దు చేసింది. పంట వైవిధ్యం ఉన్న రోజుల్లో కూడా ఆ పంట మీద అధికారం పండించినవారికి లేదన్నమాట. కనుక మనం వెనక్కి వెళ్ళాలని ఎవరైనా అంటే, ఏ వెనక్కి, ఎవరి వెనక్కి అని అడగవలసి ఉంటుంది.

ముందు నేల సంగతి చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం, దానితో పాటు మన రాయగడ, గుణుపురం తాలూకాలు ఇటు వచ్చాయి. 1951 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ పోయింది. అయితే ఆ తర్వాత భూమిని కొలిచి ఖాతాలు రాసినప్పుడు, పాత కోరాపుట్ జిల్లాలో ఏటవాలు పది డిగ్రీలు దాటిన నేలను రైతుల పేర రాయకుండా ప్రభుత్వ భూమిగా ఉంచేశారు. ఇది చిన్న గుమస్తా పనిలా కనిపించవచ్చు. కానీ ఆదివాసులైన కొందులు, సవరలు తరతరాలుగా చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లుకునే పోడు అంతా ఆ ఏటవాలు మీదే ఉంది. పల్లంలోని నీటి మడికి పట్టా వచ్చింది, డొంగరు, అంటే కొండ, మీది చేనుకు రాలేదు. వరికి కాగితం ఉంది, చిరుధాన్యానికి లేదు. కాగితం లేని చేనుకు బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు, పంట నష్టపోతే పరిహారం లేదు. పైగా అటవీ సిబ్బంది ఎప్పుడైనా వచ్చి ఖాళీ చేయమనవచ్చు. రేపు ఉంటుందో లేదో తెలియని నేలకు రాతికట్ట కట్టి, చెట్టు నాటి, మట్టిని పదేళ్ళ పాటు పోషించమని ఎవరికి చెప్పగలం? సుస్థిరత అనే మాటలో కాలం ఉంది. కాలం మీద భరోసా లేనివారికి ఆ మాట అందదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ తప్పును కొంత సరిదిద్దే ప్రయత్నం చేసింది. సాగులో ఉన్న అటవీ భూమికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు పత్రం ఇవ్వవచ్చు, గ్రామం మొత్తానికి ఉమ్మడి హక్కు కూడా ఇవ్వవచ్చు. ఈ చట్టం బలం ఏమిటో మన పక్కనున్న నియమగిరి చూపించింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీద రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లి సభలు (ఊరి సభలు) సమావేశమై, బాక్సైట్ తవ్వకం వద్దని ఒక్కటి కూడా తప్పకుండా తీర్మానించాయి. ఈ రోజుకీ డొంగ్రియా కొందులు ఆ కొండ మీద చిరుధాన్యాలు, పసుపు, అల్లం, అనాస కలిపి పండించుకుంటున్నారంటే, అది వాళ్ళ నైపుణ్యం వల్లనే కాదు, కొండ ఎవరిదో తేల్చే మాట వాళ్ళ నోట ఉన్నందువల్ల కూడా. ఏ వ్యవసాయ పాఠశాలా నేర్పని విషయం ఇది.

ఇక కౌలు. ఇక్కడ కూర్చున్న చాలామందికి ఇది ఇబ్బంది కలిగించే సంగతి, అయినా చెప్పక తప్పదు. 1960 ఒడిశా భూసంస్కరణల చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, కౌలును ఒప్పుకోదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడి చేతికి పోకుండా అడ్డుకుంటుంది, 2002 సవరణ దాన్ని ఇంకా బిగించింది. ఆ రక్షణ అవసరమనీ, దాన్ని సడలించరాదనీ నేను మనసారా నమ్ముతాను. 2023 నవంబరులో దాన్ని సడలిస్తామని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించి, నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే ఆపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అయితే చట్టం ఒప్పుకోనంత మాత్రాన కౌలు ఆగలేదు. నోటిమాట మీద, ఒక్క ఏడాదికి, రెండేళ్ళకు నడుస్తూనే ఉంది. తొంభైల్లో కోస్తా నుంచి పత్తి రైతులు వంశధార లోయకు వచ్చినప్పుడు ఆ నోటిమాట కౌలు మీదే నల్లరేగడి దొరికింది. మళ్ళీ ఏడు ఈ నేల తనదో కాదో తెలియని కౌలుదారు పచ్చిరొట్ట ఎందుకు వేస్తాడు? ఒక్క పంటలో పెట్టుబడి, కౌలు, లాభం మూడూ రాబట్టుకోవాలి. మందు బస్తా అతనికి ఆశ వల్ల కాదు, గడువు వల్ల అవసరమవుతుంది.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ ముడిని విప్పేందుకు రెండు సార్లు ప్రయత్నించారు. 2011లో కౌలురైతులకు రుణ అర్హత కార్డుల చట్టం చేశారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. రెండో దానిలో భూయజమాని సంతకం తప్పనిసరి చేసేసరికి, సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో యజమానులు వెనకాడారు. ఒడిశాలో 2018 చివర ప్రకటించిన కాలియా పథకం భూమి లేని కుటుంబాలను కూడా లెక్కలోకి తీసుకుంది, 2020లో బలరాం పథకం కౌలుదారులను ఉమ్మడి బాధ్యతా బృందాలుగా చేర్చి అప్పిచ్చే దారి చూపింది. వాటి ఉద్దేశం మంచిదే. కానీ అప్పు ఇచ్చే పట్టిక మారనంత కాలం అప్పు ఎవరికిచ్చినా చేరేది ఒక చోటికే.

ఆ పట్టిక సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే నా కొలువంతా దాని ముందే గడిచింది. ప్రతి జిల్లాలోనూ ఒక సాంకేతిక సంఘం కూర్చుని, ఏ పంటకు ఎకరానికి ఎంత అప్పు ఇవ్వవచ్చో ఏటా నిర్ణయిస్తుంది. దాన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. ఎరువు, మందు, విత్తనం ఎంత ఎక్కువ కొనవలసిన పంట అయితే అంత ఎక్కువ అప్పు దొరుకుతుంది. పత్తికి ఎక్కువ, చోళ్ళకు తక్కువ. బయటి నుంచి ఏమీ కొనకుండా, ఇంటి విత్తనంతో, ఇంటి పేడతో, ఇంటిల్లిపాది చాకిరీతో ఎనిమిది పది రకాలు కలిపి పండించే చేనుకు నేను పనిచేసిన కాలంలో ఆ పట్టికలో గడే లేదు. ఒకసారి బిసం కటక్ వైపు నుంచి ఒక కొంద మహిళ వచ్చి, తన చేలో ఏమేమి వేస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. చోళ్ళు, సామలు, కందులు, అలసందలు, వలిసెలు, జొన్నలు, గోంగూర, గుమ్మడి. దరఖాస్తులో పంట పేరు రాయడానికి ఒకే గడి ఉంది. ఏం రాయమంటావని అడిగాను. ఆమె కాసేపు నా వైపు చూసి, నీకు ఏది రాస్తే డబ్బు వస్తుందో అదే రాయి బాబూ అంది. పత్తి అని రాశాను. మరుసటి ఏడు ఆమె నిజంగానే పత్తి వేసింది. ఆ గడి నింపిన చెయ్యి నాదే, ఆ రోజు నాకు అది సహాయంగానే అనిపించింది.

పంటల బీమాది కూడా అదే పద్ధతి. గుర్తించిన పంటకే బీమా. కలగలుపు చేను తనకు తానే బీమా, ఒకటి పోతే ఒకటి నిలుస్తుంది. అయినా ఆ స్వయం బీమాకు ప్రీమియంలో గానీ మరెక్కడా గానీ లెక్క లేదు.

పత్తి గురించి ఇంకాస్త చెప్పాలి. కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది 2002లో. దాని విత్తనం ప్యాకెట్ ధరను కేంద్రమే నిర్ణయిస్తుంది, అందులో బీజీ-2 అనే రకం ప్యాకెట్ 2025లో 901 రూపాయలు. కలుపు మందును తట్టుకునే రకానికి మాత్రం దేశంలో ఇప్పటికీ అనుమతి లేదు. అయినా అది రాయగడ జిల్లా కొండవాలుల దాకా ఎక్కిందని మనమంతా ఎరుగుదుము. అనుమతి లేని విత్తనం కాబట్టి రసీదు ఉండదు, మొలవకపోతే అడిగే చోటు ఉండదు. అయినా ఎందుకు కొంటున్నారు? కలుపు తీసే కూలి దొరకడం లేదు, దొరికినా ఖర్చు ఎక్కువ. కూలి ఎందుకు దొరకడం లేదు? పడుచువాళ్ళు కేరళకు, చెన్నైకి, విశాఖపట్నానికి వలస పోతున్నారు. ఎందుకు పోతున్నారు? చేనులో మిగలడం లేదు. ఇలా ఒక ప్రశ్న మరో ప్రశ్నకు కట్టి ఉంది. కలుపు మందు చల్లిన చేలో పత్తి తప్ప మరే మొక్కా బతకదు కనుక, పత్తి సాళ్ళ మధ్య కందులు, చోళ్ళు వేసుకునే అలవాటు కూడా దానితోనే పోయింది. ఆడవాళ్ళు చేను నుంచి ఏరి తెచ్చుకునే ఆకుకూరలూ పోయాయి. ఆ కూరల నష్టం ఏ లెక్కలోనూ రాదు, ఎందుకంటే వాటిని ఎవరూ కొనలేదు, అమ్మలేదు.

మన తెలుగువాళ్ళు మహారాష్ట్ర సరిహద్దులో కూడా ఉన్నారు. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలలో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పోయినవారిలో ఎక్కువమంది పిచికారీ కూలికి వెళ్ళినవారే. అక్కడి రైతుకు తెలివి లేక అది జరిగిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పురుగు తట్టుకోలేని పంట, దుకాణదారు చెప్పిందే సలహా, రోజు కూలికి మించి ఏ రక్షణా లేని మనిషి, ఈ మూడూ ఒక చోట కలిసినప్పుడు జరిగేది జరిగింది. దుకాణదారు సలహా అన్న మాట దగ్గర మా నాన్నగారు నాకు గుర్తొస్తారు. ఆయన మంచి మనిషి. కంపెనీ మనిషి చెప్పింది రైతుకు చెప్పేవారు, ఎందుకంటే వ్యవసాయ శాఖ మనిషి ఆ దారిన వచ్చేది ఎప్పుడో ఒకసారి.

ఇప్పుడు రేషన్ గింజ సంగతి. రెండు రూపాయల బియ్యం అనగానే మనకు 1983 గుర్తొస్తుంది. ఒడిశాలో రెండు రూపాయలకు కిలో బియ్యం 2008లో వచ్చింది, 2013లో అది రూపాయి అయింది, 2023 నుంచి కేంద్రం ఉచితంగానే ఇస్తోంది. ఈ బియ్యాన్ని తేలిగ్గా మాట్లాడేవారు 2001ని తలచుకోవాలి. ఆ ఏడు మన జిల్లాలోని కాశీపూర్ బ్లాకులో తిండి లేక మామిడి టెంకల జావ తాగి మనుషులు చనిపోయారు. ఆకలి అంటే ఏమిటో చూసిన ప్రాంతం ఇది. బియ్యం రావడం మంచిదే, రావలసిందే. నా ఫిర్యాదు బియ్యం మీద కాదు, బియ్యం ఒక్కటే రావడం మీద. 1965లో భారత ఆహార సంస్థనూ, వ్యవసాయ ధరల సంఘాన్నీ ఏర్పాటు చేసినప్పటి నుంచి ప్రభుత్వం పెద్ద ఎత్తున కొన్నది వరి, గోధుమలనే. కొన్నదే పంచింది, పంచిందే తిన్నాం, తిన్నదే పండించాం. కొండవాడి ఇంట్లో చోడి అంబలి పేదరికానికి గుర్తు అయిపోయింది. ప్రభుత్వం కొనని గింజకు పరువు కూడా ఉండదని దీన్ని బట్టి తెలుస్తోంది.

ఈ చోట ఒడిశా ఒక మంచి పని చేసింది. ఆ పనికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. 2017లో ఏడు జిల్లాల్లోని 30 బ్లాకుల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. వ్యవసాయ శాఖ, భువనేశ్వర్‌లోని నబకృష్ణ చౌధురి అధ్యయన కేంద్రం, హైదరాబాద్‌కు చెందిన వాసన్ సంస్థ, క్షేత్రంలో ఉన్న స్వచ్ఛంద సంఘాలు కలిసి దాన్ని నడిపాయి. దాని గొప్పతనం విత్తనం పంచడంలో లేదు, కాటా పెట్టడంలో ఉంది. గిరిజన సహకార సంస్థ చేత మద్దతు ధరకు చోళ్ళు కొనిపించారు. మొదటి ఏడు కొన్నది దాదాపు 18 వేల క్వింటాళ్ళు, మూడేళ్ళు తిరిగేసరికి అది మూడు లక్షల క్వింటాళ్ళు దాటింది. కొన్న చోళ్ళను రేషన్‌లో పోశారు, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసి పెట్టారు. 2022 నుంచి నవంబరు 10న మాండియా (చోళ్ళ) దినోత్సవం చేస్తున్నారు. 2024లో కుంద్రా బాటి, లక్ష్మీపూర్ కళియా వంటి నాటు చోడి రకాలను ప్రభుత్వమే గుర్తించి విడుదల చేసింది. ఆదివాసీ ఆడవాళ్ళు కాపాడుకుంటూ వచ్చిన విత్తనం ప్రభుత్వ విత్తనం అయింది. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. రైతుకు ఎవరూ చోళ్ళ గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. అది ఆమెకు ముందే తెలుసు. కొనేవాడు వచ్చాడు, అంతే, చేను మారింది.

అయితే దీనిలో నాకు ఒక భయం ఉంది. చోళ్ళ ఒక్కదానికే ధర వస్తే, కలగలుపు చేను కాస్తా చోళ్ళ ఒక్కదాని చేనుగా మారిపోవచ్చు. సామలకు, కొర్రలకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరల పట్టికలో చోటే లేదు. వలిసెలకు చోటు ఉంది, 2025-26లో క్వింటాలుకు 9,537 రూపాయలు. అదే ఏడు మధ్యరకం పత్తికి 7,710, చోళ్ళకు 4,886, వరికి 2,369. కాగితం మీద చూస్తే వలిసెల రైతు పత్తి రైతు కంటే గొప్పవాడు కావాలి. కానీ నేను తిరిగిన ఏ సంతలోనూ ఆ ధరకు వలిసెలు కొనే ప్రభుత్వ కాటా నాకు కనిపించలేదు. కార్తీకంలో పసుపుపచ్చగా కళకళలాడే ఆ కొండవాలు ఏటేటా చిన్నదైపోతోంది. ప్రకటించిన ధరకూ కొనే కాటాకూ మధ్య ఉన్న దూరమే ఈ దేశంలో వ్యవసాయ విధానం అంతా. వరికి ఆ దూరం తక్కువ. పైగా ఈ రాష్ట్రం ఇప్పుడు వరికి క్వింటాలుకు 800 రూపాయలు అదనంగా ఇస్తోంది. వరి రైతుకు మేలు జరగవద్దని నేను అనను, కానీ నీళ్ళున్న మడికి 800 చేరుస్తూ నీళ్ళు లేని డొంగరును చిరుధాన్యం వైపు రమ్మంటే, ఆ పిలుపులో బలం ఉండదు.

ఎరువు సంగతి దగ్గర అంకెలే మాట్లాడతాయి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు దాదాపు 266 రూపాయలకు అందుతుంది, మిగిలిన ఖరీదంతా కేంద్రం కంపెనీకి చెల్లిస్తుంది. 2022-23లో ఎరువుల రాయితీ రెండున్నర లక్షల కోట్ల దాకా వెళ్ళింది, ఆ తర్వాత కూడా ఏటా లక్షన్నర కోట్లకు తగ్గలేదు. 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కు మొత్తం కేటాయింపు 2,481 కోట్లు. రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఆవర్జా రాసేవాడైనా ఒక్క చూపులో చెబుతాడు, ఈ ఇంటి వ్యాపారం ఏమిటో. రాయితీ బస్తాతో వస్తుంది కానీ మనిషితో రాదు. యూరియా కొన్నవాడి తరఫున ప్రభుత్వం వందలు వేలు చెల్లిస్తోంది, పేడ మోసి ఘనజీవామృతం చేసుకున్న ఆడమనిషి చాకిరీని ఆ స్థాయిలో లెక్కలోకి తీసుకోదు. ఆ చాకిరీ ఆమెదే అన్న సంగతిని సహజ వ్యవసాయం గురించి మాట్లాడేవారు కూడా తరచు మరిచిపోతారు.

పక్కనే ఉన్న పార్వతీపురం మన్యంలో, శ్రీకాకుళం కొండ మండలాల్లో ఆంధ్ర ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా సహజ వ్యవసాయాన్ని నడుపుతోంది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాని అసలు బలం కషాయాలలో లేదు, అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా ఊరూరా నిలబడిన మహిళా సంఘాలలో ఉంది. పొదుపు లెక్క రాసుకోవడం నేర్చిన సంఘం, బ్యాంకుతో మాట్లాడగల సంఘం ముందే లేకపోతే ఆ కార్యక్రమం ఒక్క జిల్లా కూడా దాటేది కాదు. 2018లో, 2024 నాటికి రాష్ట్రంలోని 60 లక్షల మంది రైతులనూ చేరుకుంటామని ప్రకటించారు. గడువు దాటింది, లక్ష్యం చేరలేదు. దానికి రైతును తప్పుపట్టలేం. ఒక చేత్తో జీవామృతం నేర్పి, రెండో చేత్తో బస్తా మీద రాయితీ పోస్తున్నప్పుడు రెండు చేతుల మధ్య రైతు నిలబడిపోతాడు.

పై నుంచి హుకుం జారీ చేస్తే ఏమవుతుందో శ్రీలంక చూసింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు. విదేశీ డబ్బు కరువైన ప్రభుత్వం దిగుమతి ఖర్చు తప్పించుకోవడానికి చేసిన పని అది. వరి, తేయాకు దిగుబడులు పడిపోయి, నవంబరుకల్లా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సేంద్రియం వల్ల దేశం మునిగిందని దాన్ని చూపించి చెప్పేవారున్నారు. నా దృష్టిలో అది సేంద్రియం గురించిన పాఠం కాదు. నేలకు మూడు నాలుగేళ్ళు పట్టే పనిని ఒక సంతకంతో ఒక్క పంటలో చేయబోయిన ప్రభుత్వం గురించిన పాఠం. ఆ మూడు నాలుగేళ్ళ నష్టం ఎవరు భరించాలి అన్నది తేలకుండా మార్పు గురించి మాట్లాడడం వ్యర్థం. ఇప్పటి వరకు ఆ నష్టాన్ని రైతు నెత్తినే పెట్టారు. సేంద్రియ ధ్రువపత్రం వచ్చేవరకు రెండు మూడేళ్ళు మందు లేని పంటను మందు పంట ధరకే అమ్ముకోవాలి.

కొందరు మిత్రులు జామాయిల్ తోటల సంగతి చెప్పమన్నారు. రాయగడ దగ్గరి జేకేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి ఉంది, కర్ర కొనేవాడు దగ్గర్లో ఉన్నాడు కనుక మెట్ట చేలు జామాయిల్ అయ్యాయి. పైన నేను చెప్పిన కాటా సూత్రమే ఇది కూడా, ఎక్కువ చెప్పను.

ఇక మన సంగతి. ఈ సభలో దుకాణదారులున్నారు, జిన్నింగు మిల్లులతో లావాదేవీలున్నవారున్నారు, నోటిమాట కౌలు మీద సాగు చేస్తున్నవారున్నారు, నాలాగా కొలువు చేసి వచ్చినవారున్నారు. రాజకీయ ఆర్థిక నిర్మాణాలు అని పుస్తకాల్లో రాసే మాటకు ఈ లోయలో ముఖం ఏదని అడిగితే, ఢిల్లీ, భువనేశ్వర్ ఎలాగూ ఉన్నాయి, కానీ కొంత మన ముఖం కూడా. అప్పు, విత్తనం, మందు, కాటా, నాలుగూ ఒకే గుమ్మం దగ్గర ఉన్నప్పుడు ఆ గుమ్మం ముందు నిలబడినవాడికి ఎంపిక లేదు. ఆ నాలుగింటినీ విడదీయడమే నాకు తెలిసిన మొదటి పని. అప్పు ఇచ్చినవాడే పంట కొనకూడదు. ఇది ప్రభుత్వం చేయాలి, సహకార సంఘం బలపడాలి, అప్పు పట్టికలో కలగలుపు చేనుకు ఒక గడి రావాలి, వలిసెలకూ సామలకూ కాటా రావాలి. వీటి కోసం మనం కూడా అర్జీలు రాయవచ్చు, రాయాలి. ఎమ్మెల్యే గుమ్మం ముందు పత్తి ధర కోసం నిలబడిన మనం వలిసెల కాటా కోసం ఎప్పుడూ నిలబడలేదు.

ఈలోగా చేయగలిగింది ఒకటి చేశాను, అది చెప్పి ముగిస్తాను. నాన్నగారి గోదాము ఖాళీగా ఉంది. చోళ్ళు నూర్చేది మార్గశిరంలో, ప్రభుత్వ మండి మా వైపు తెరుచుకునేసరికి ఒక్కో ఏడు నెల, నెలన్నర ఆలస్యం. ఆ నెలన్నరలోనే ఇంటి అవసరానికి గింజ తక్కువ ధరకు పోతుంది. రెండేళ్ళ నుంచి నాలుగు ఊళ్ళ మహిళా సంఘాలవారు తమ బస్తాలు ఆ గోదాములో పెట్టుకుంటున్నారు. తేమ ఎక్కువైందని మొదటి ఏడు మండిలో కొన్ని బస్తాలు తిప్పి పంపారు. రెండో ఏడు ముందుగా ఆరబోసుకోవడానికి టార్పాలిన్లు కొన్నారు, ఆ డబ్బు సంఘం పొదుపులోంచి పెట్టుకున్నారు. అద్దె లేదు, వడ్డీ లేదు, కొనడం అసలే లేదు. బరువు రాసే పుస్తకం వాళ్ళదే, రాసేది వాళ్ళలో పదో తరగతి చదివిన అమ్మాయి, ఒడియాలో రాస్తుంది. పోయిన పుష్యంలో ఆ పుస్తకం ఒకసారి చూశాను. చోళ్ళ గడి పక్కన, ఎవరూ అడగకుండానే, సువాన్ అని మరో గడి గీసి ఉంది. సామలు. కొనేవాడు లేడు కదమ్మా, ఎందుకు గీశావని అడిగితే, తెచ్చినవాళ్ళు తెచ్చారు కదా, రాయాలి కదా అంది. ఆ సామల బస్తాలు పదకొండు ఇంకా గోదాములోనే ఉన్నాయి. ఈ ఊళ్ళో గానీ, పర్లాఖిముండిలో గానీ ఎవరి దగ్గరైనా పొట్టు తీసే చిన్న మిల్లు ఉంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి.